పెరటి మందు

కాటాల మేస్త్రి ఎవరి మాటా నమ్మేవాడు కాదు, కాటా చెబితే తప్ప. ముప్పై ఆరేళ్ళు ఒక ఇరుకు షాపులో, ముక్కు మీదకి జారే కళ్ళజోడుతో, ఊళ్ళోవాళ్ళ తక్కెళ్ళూ త్రాసులూ బాగుచేసి బతికినవాడు. కిరాణా కొట్టు కాటా నుంచి బంగారం పనివాళ్ళ గాజుపెట్టె త్రాసు దాకా అతని బల్లెక్కనిది లేదు. ముల్లు ఎక్కడ పట్టేసిందో, ఏ పళ్ళెం అడుగున ఎవరు శనగగింజంత సీసం అంటించారో చూడగానే పసిగట్టేవాడు.

"మనిషి అబద్ధమాడతాడు. ఇనుము ఆడదు," అనేవాడు.

"అందుకేనేమో నాతో కన్నా ఆ ఇనుముతోనే ఎక్కువ మాట్లాడతారు," అని భార్య నవ్వేది.

ఆ ఇంట్లో మూడో మనిషి తమ్ముడు. వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి మేస్త్రికి పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. కొత్తగా వచ్చిన ఆ అమ్మాయి, తనకే ఇంకా ఇంట్లో గిన్నెలెక్కడున్నాయో తెలియకుండానే, ఆ పిల్లాడికి తల దువ్వి బడికి పంపింది. ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే, "ఒకణ్ణి పెంచేసరికే నా నడుం విరిగింది, ఇంకొకరు కూడానా!" అని కొట్టిపారేసేది. తమ్ముడు ఆవిణ్ణి వదినా అనే పిలిచేవాడు గాని, జ్వరమొచ్చి పలవరించినప్పుడు మాత్రం అమ్మా అనేవాడు.

వాడు రసాయనశాస్త్రం చదివి పెద్ద మందుల కంపెనీలో చేరాడు. పదకొండేళ్ళు అక్కడే పనిచేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, చెయ్యి తుడుచుకుంటూ మెల్లిగా బయటపెట్టాడు.

"అన్నయ్యా, మా దగ్గర ఒక మాత్ర చెయ్యడానికి పదయితే పెట్టె మీద వంద వేస్తున్నాం. ఆ మందు కనిపెట్టినవాళ్ళ హక్కు తీరిపోయి చాలా ఏళ్ళయింది. అదే మందు, అంతే మోతాదు, ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు. తేడా అల్లా పెట్టె మీద పేరే."

"పేరుకే అంత ధర పలుకుతుంటే, పేరు లేనిదాన్ని ఎవడు కొంటాడురా?"

"పేరుని కొనలేనివాళ్ళు కొంటారు."

సొంతంగా చిన్న ఫ్యాక్టరీ పెడతానన్నాడు. జెనరిక్ మందులు, మూడో నాలుగో రకాలు, అంతే. తను దాచుకున్నది కొంత ఉంది, బ్యాంకు కొంత ఇస్తుంది, ఇంకా కొంత కావాలి.

మేస్త్రి వారం రోజులు ఏమీ తేల్చలేదు. భార్య మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక పాతవి బాగుచేయించుకునేవాళ్ళు కరువయ్యారు. చెడిపోతే పారేసి కొత్తది కొంటున్నారు.

"ఆ షాపులో ఇప్పుడు మీరు తూచేది ఈగల్ని," అంది. "అమ్మేసి వాడి చేతిలో పెట్టండి."

"మునిగితే?"

"మునిగితే ముగ్గురం కలిసే మునుగుదాం. ఈత రాకపోవడం మనకేమన్నా కొత్తా?"

షాపు అమ్మగా వచ్చిందంతా మేస్త్రి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఒక్క గాజుపెట్టె త్రాసు మాత్రం అమ్మలేక ఇంటికి తెచ్చుకున్నాడు. కాగితాల మీద అతనిది నూటికి నలభై వాటా. సంతకం పెట్టేటప్పుడు కళ్ళజోడు సరిచేసుకుని ప్రతి పేజీ రెండుసార్లు చదివాడు. తమ్ముడు నవ్వుకున్నాడే గాని ఏమీ అనుకోలేదు. అన్నయ్య సంగతి వాడికి తెలియనిదా?

ఫ్యాక్టరీ అంటే ఊరి చివర మూతపడ్డ బిస్కెట్ల షెడ్డు. గోడలు గీకించి, తెల్లరంగు వేయించి, గాలిని వడగట్టే యంత్రాలు బిగించారు. వర్షం పడిన రోజున గోడల్లోంచి ఇంకా బిస్కెట్ వాసన వస్తోందని పనివాళ్ళు ఒట్టుపెట్టి చెప్పేవారు. పాతదే అయినా గట్టి మిషన్ ఒకటి కొన్నారు. పైన తెల్లపొడి పోస్తే, గిరగిరా తిరుగుతూ, కింద వానలా మాత్రలు రాల్చేది. మొదటి మాత్రలు రాలిన రోజున తమ్ముడు ఒకటి మూతలో పెట్టి తెచ్చి వదినకి చూపించాడు. ఆవిడ దాన్ని వేలికొన మీద నిలబెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత చిన్నదా మన షాపు మొత్తాన్ని మింగేసింది!" అంది. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా.

సోమవారం సోమవారం మేస్త్రి అక్కడికి వెళ్ళేవాడు. మెత్తని గుడ్డ పరిచిన పెట్టెలోంచి తూకం రాళ్ళు ఒక్కొక్కటే పట్టకారుతో తీసి, ఫ్యాక్టరీలోని త్రాసులన్నీ సరిచూసి, పుస్తకంలో సంతకం పెట్టేవాడు. భార్య అప్పుడప్పుడు వెంటవచ్చి పనివాళ్ళకి టీ కాచేది. వాళ్ళు ఆవిణ్ణి వదినమ్మా అనేవారు. రెండేళ్ళు కిందామీదా పడ్డాక పెద్ద సర్కారు ఆస్పత్రి వీళ్ళ మందు కొనడానికి ఒప్పుకుంది. స్ట్రిప్పులు కాదు, ముప్పై మాత్రల తెల్ల డబ్బాలు. బీదాబిక్కీ నెలకో డబ్బా పట్టుకుపోయేవారు. ఫ్యాక్టరీ నిలదొక్కుకుంది.

నాలుగో ఏట ఒకరోజు మేస్త్రి భార్య కూరల సంచీతో మెట్లెక్కుతూ మొదటి మలుపులో కూలబడిపోయింది. పక్కింటివాళ్ళు మోసుకెళ్ళారు. గుండె కొట్టుకునే తీరు గతి తప్పిందన్నాడు డాక్టరు. ఒకసారి పరిగెడుతోందట, ఒకసారి ఆగి ఆలోచిస్తోందట. రోజుకో మాత్ర, జీవితాంతం.

"మోతాదు చాలా సున్నితం," అన్నాడు డాక్టరు. "రవ్వంత తగ్గితే పనిచెయ్యదు. రవ్వంత పెరిగితే ప్రమాదం."

ఆవిడకి అవేవీ వినపడలేదు. చీటీ మీద మందు పేరు చూడగానే మొహం వెలిగిపోయింది. తమ్ముడి ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఎక్కువగా తయారయ్యే మాత్ర అదే.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గదా డాక్టరుగారూ. పెరట్లో ఫ్యాక్టరీయే ఉంటేనో?"

డాక్టరు నవ్వి, "ఆ డబ్బా మందయినా, పేరున్న కంపెనీదయినా ఒకటేనమ్మా. మీ ఇష్టం," అన్నాడు.

మేస్త్రి చెవిలో మాత్రం ఆ రవ్వంత అన్న మాట ముల్లులా దిగబడిపోయింది.

ఆ సాయంత్రమే తమ్ముడు డబ్బా తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. "వదినా, ఈ నెల సరుకు. దగ్గరుండి నేనే చేయించాను."

"నువ్వు పలక తుడవడం కూడా నేను దగ్గరుండి నేర్పించినవాడివి. నీ చేతి మాత్ర నాకు పనిచెయ్యకపోతే ఇంకెవరికి పనిచేస్తుందిరా?" అందావిడ.

మేస్త్రి డబ్బా అందుకున్నాడు. "మూత బిగుతుగా ఉంది, నీ వేళ్ళకి రాదులే. రోజూ నేనే ఇస్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఆవిడ ఇంకా లేవకముందు, గాజుపెట్టె త్రాసు బల్లమీద పెట్టి డబ్బాలోంచి పది మాత్రలు తీసి ఒక్కొక్కటే తూచాడు. పదీ సరిసమానం. ముల్లు ఒక్క గీత పక్కకి జరగలేదు. జన్మంతా ఏ కాటా మాట వేదమనుకున్నాడో ఆ కాటా, బాగున్నాయి, ఇచ్చుకో అని చెప్పింది. అతనికి చెయ్యి రాలేదు.

బరువు సరే, లోపల ఏముందో కాటాకేం తెలుసు? అది చెప్పే మిషన్ వేరే ఉంది, ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. కాగితం మీద కొండల్లాంటి గీతలు గీస్తుంది. ఆ గీతలు అతనికి చదవడం రాదు. పైగా అతను ఒక సోమవారం కళ్ళారా చూశాడు. ఒక బ్యాచ్‌లో పొడి సరిగా కలవలేదని తమ్ముడు మండిపడి, టబ్బు టబ్బంతా పారబోయించాడు. ఏ ఒక్క మాత్రా గుమ్మం దాటకూడదని అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు మేస్త్రికి పారబోసిన మాత్రలే కనబడ్డాయి గాని పారబోయించినవాడు కనబడలేదు. ఒకసారి తప్పు జరిగింది గదా, ఇంకోసారి జరగదా, జరిగినప్పుడు వాడు చూడకపోతేనో? చూడని ఆ ఒక్క మాత్ర ఈవిడ నోట్లో పడితేనో?

కాసేపటికి మందుల షాపులో ఉన్నాడు.

"ఇదా? మీ తమ్ముడుగారే చేస్తారు గదా మేస్త్రిగారూ!" అన్నాడు షాపతను.

"తెలిసినవాళ్ళకి. పేరున్న కంపెనీదే ఇవ్వు."

ఆ రోజు నుంచి నెలకోసారి అదే తంతు. పెద్ద కంపెనీ స్ట్రిప్పుల్లోంచి మాత్రలు ఒలిచి తమ్ముడి డబ్బాలో పోసేవాడు. తమ్ముడి మాత్రలు పారెయ్యలేక బీరువా పైనున్న రేకు డబ్బాలోకి మార్చేవాడు. ఫ్యాక్టరీ లాభంలో తన వాటాగా వచ్చినదానితోనే ఆ ఖరీదైన మందు కొనేవాడు. మూడో నెలకి షాపతను ఎవరికని అడగడం మానేశాడు. చీటీ మీది పేరు అతనికీ చదవడం వచ్చు.

ఆవిడ కోలుకుంది. మళ్ళీ మెట్లెక్కింది, మళ్ళీ నవ్వింది. నెలనెలా ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు వరసలో అందరికీ చెప్పేది. ఒకసారి ఒక ముసలమ్మ తెల్ల డబ్బా చేతిలో పట్టుకుని, "ఊరకే ఇచ్చే మందమ్మా, ఏం పనిచేస్తుందిలే," అని సణుగుతుంటే, ఈవిడ ఆమె పక్కకి జరిగి కూర్చుంది.

"నేను వేసుకునేదీ అదే. నా మరిది చేసిన మందు. రెండంతస్తులు ఎక్కి దిగుతున్నాను, కావాలంటే ఆయన్నడుగు," అని మొగుడి వైపు చూపించింది.

ముసలమ్మ మేస్త్రి మొహంలోకి చూసింది. మేస్త్రి తలూపాడు. ముసలమ్మ డబ్బా సంచీలో జాగ్రత్తగా పెట్టుకుంది.

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం తమ్ముడు కొత్త డబ్బా ఇవ్వడానికి వచ్చాడు. మేస్త్రి స్నానానికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన దిండు గలీబు కుట్టుకుంటోంది.

"ఒరేయ్ చిన్నోడా, ఇవాళ మాత్ర మర్చిపోయారు మీ అన్నయ్య. ఆ పాత డబ్బాలో మిగిలినవి ఉన్నాయి, నువ్వే ఇచ్చి పుణ్యం కట్టుకో," అంది.

మేస్త్రి తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి తమ్ముడు అరచేతిలో మాత్ర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మాత్ర బల్లపరుపుగా ఉంటుంది, మధ్యలో గీత. ఈ మాత్ర కాస్త ఉబ్బుగా, మీద ఒక చిన్న అక్షరం అచ్చుతో ఉంది. కన్నతల్లికి బిడ్డని గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? వాడు తలెత్తి అన్నయ్యని చూశాడు. మేస్త్రి చేతిలోని తువ్వాలు అక్కడే ఆగిపోయింది.

"ఏంట్రా, దానికి నోరు తెరిచి మాట్లాడమంటున్నావా? ఇటు తే," అందావిడ సూది మీంచి కళ్ళెత్తకుండానే.

తమ్ముడు మాత్ర ఆవిడ చేతిలో పెట్టాడు. నీళ్ళ గ్లాసు అందించాడు. ఆవిడ మింగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు అందుకుని వంటింట్లో కడిగిపెట్టి వచ్చాడు.

"వస్తాను వదినా. పనుంది."

మేస్త్రి వెనకాలే మెట్ల మీదకి వెళ్ళాడు. ఒక అంతస్తు దిగారు. మలుపులో తమ్ముడు ఆగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

"నా మాత్రలో తప్పేమైనా కనబడిందా? కనబడితే చెప్పు అన్నయ్యా, ఇప్పుడే వెళ్ళి మిషన్ ఆపేస్తాను."

"లేదు. తూచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మరి?"

"భయంరా."

"ఆస్పత్రిలో కొన్ని వేలమంది వేసుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ మనుషులే ఉంటారు. నువ్వు సోమవారం సోమవారం వచ్చి సంతకాలు పెడుతున్నావు. వాళ్ళకి పనికొచ్చేది వదినకెందుకు పనికిరాదు?"

"వాళ్ళు పోతే నా ఇల్లు ఖాళీ అవదు గదరా," అన్నాడు మేస్త్రి. అన్నాక ఆ మాట తన చెవికే ఎంత నీచంగా వినబడిందో అర్థమై, గోడకి ఆనుకున్నాడు.

తమ్ముడు రెండు మెట్లు దిగి ఆగాడు. "వదినకి మాత్రం చెప్పకు," అన్నాడు. దిగిపోయాడు.

మరుసటి నెల వాడు డబ్బా తెచ్చాడు. ఆ పై నెలా తెచ్చాడు. "వదినా, కొత్త సరుకు," అని ఎప్పటిలాగే ఆవిడ చేతిలో పెట్టేవాడు. ఆవిడ ఎప్పటిలాగే మొగుడికి అందించేది. డబ్బా చేతులు మారేటప్పుడు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఊళ్ళో నోళ్ళు ఊరుకోవు. ఆ ఏడాది ఆస్పత్రి మందుల కొనుగోలుకి మళ్ళీ ఒప్పందం రాసుకునే వేళకి, ఎవరో కమిటీలో మాట కదిలించారు. "సొంత అన్నే, అందులో వాటాదారుడే, పెళ్ళానికి ఆ మందు వాడడం లేదట." అంతే. ఆస్పత్రివాళ్ళు డబ్బాలు పంచడం ఆపి, సరుకు పరీక్షకి పంపారు. ఫలితం రావడానికి నెలలు పడుతుందన్నారు. అది విని మిగతా కొనేవాళ్ళు కూడా, "చూద్దాం, ఆ ముక్కేదో తేలనివ్వండి," అని తప్పుకున్నారు. మిషన్ వారానికి మూడు రోజులు తిరిగింది, తర్వాత ఒకరోజు, తర్వాత అదీ లేదు.

కమిటీలో వచ్చిన ఆ మాట తమ్ముడు అన్నయ్యతో అనలేదు. పరీక్షకి పంపారని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. మేస్త్రికి అది తెలిసింది మందుల షాపులోనే.

"నేను కావాలని అనలేదండీ," అన్నాడు షాపతను, స్ట్రిప్పులు కాగితంలో చుడుతూ, కళ్ళెత్తకుండా. "ఆస్పత్రి స్టోరు చూసేదాయన ఇక్కడే టీ తాగుతుంటాడు. మాటల్లో మాటగా, మేస్త్రిగారు వాళ్ళావిడకి కంపెనీ మందే కొంటారండీ అన్నాను. ఉన్నమాటే గదా."

ఉన్నమాటే. మేస్త్రి డబ్బులిచ్చి బయటికొచ్చాడు. తిన్నగా ఆస్పత్రికి వెళ్ళి, కొనుగోళ్ళు చూసే అధికారి గది ముందు రెండు గంటలు కూర్చున్నాడు. నడివయసు ఆవిడ. బల్లనిండా ఫైళ్ళు. కూర్చోమంది.

"తప్పు మాత్రల్లో లేదమ్మా. నాలో ఉంది," అన్నాడు. "నేను పుట్టు అనుమానం మనిషిని. ఆ డబ్బాలు నా చేత్తో తూచాను. నా తమ్ముడు ఒక్క నలుసు తేడా వస్తే టబ్బు టబ్బు పారబోస్తాడు. నా పిరికితనం చూసి వాడి అన్నం తీసెయ్యకండి."

ఆవిడ అంతా విన్నది. "సరే. ఇవాళ పొద్దున మీ ఆవిడకి ఏ మాత్ర ఇచ్చారు?"

మేస్త్రి చేతిలో మందుల షాపు కాగితం పొట్లం ఉంది. దాన్ని ఒళ్ళోకి జరుపుకున్నాడు.

"వెక్కిరించడానికి అడగలేదు," అందావిడ నెమ్మదిగా. "మీ చోట నేనున్నా అదే చేస్తానేమో. కానీ అనుమానమంటూ వచ్చాక, ల్యాబ్ చెప్పేదాకా నేను సంతకం పెట్టలేనండీ. నాదీ భయమే."

ఇంటికొచ్చి బీరువా మీది రేకు డబ్బా దించాడు. ఎలాగైనా సరే, రేపటి నుంచి వాడి మాత్రే, అనుకున్నాడు. పొద్దున ఆ గీతున్న తెల్లమాత్ర అరచేతిలో పెట్టుకుని ఆవిడ మంచం దాకా నడిచాడు. ఆవిడ మొహం ఉబ్బి ఉంది. రాత్రంతా ఆయాసపడింది. ఈ స్థితిలో మందు మారిస్తే? గుప్పెట మూసి వెనక్కి వచ్చి, మళ్ళీ కంపెనీ మాత్రే తీసుకెళ్ళాడు.

ఆ నెలలోనే ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. "గుండె అలిసిపోయిందండీ," అన్నాడు డాక్టరు. "మందు చెయ్యగలిగింది చేసింది. ఇక ఏ మందైనా ఒకటే." పేరున్నదైనా, పేరు లేనిదైనా.

ఆఖరి రోజుల్లో ఆవిడకి ఒక పక్క మొగుడు, ఒక పక్క మరిది. ఫ్యాక్టరీ ఆగిపోయిందని ఆవిడకి చెప్పలేదు. పనివాళ్ళు చూడ్డానికి వస్తే వాళ్ళూ చెప్పలేదు. "నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయి వదినమ్మా," అని అబద్ధాలు చెప్పి, బయటికొచ్చి ముక్కులు తుడుచుకున్నారు.

ఒక సాయంత్రం ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది.

"గోళ్ళు తీసుకోవడం ఇప్పటికీ రాలేదురా నీకు," అంది. కాసేపాగి ఊపిరి కూడదీసుకుంది. "రెండేళ్ళ కిందట పోవలసినదాన్ని. నీ మాత్రే నిలబెట్టింది."

మేస్త్రి కిటికీ వైపు తిరిగాడు.

"అవును వదినా," అన్నాడు తమ్ముడు.

"మీ అన్నయ్య చూడు, ఆ రోజు షాపు అమ్మనంటే అమ్మనని కూర్చున్నారు. ఇప్పుడేమంటారు మరి?"

"ఏమంటాను," అన్నాడు మేస్త్రి గోడతో. "నువ్వన్నదే నిజమైంది."

ఆవిడకి ఆ మాట ఎంత తృప్తినిచ్చిందో, నవ్వుతూనే కళ్ళు మూసుకుంది. మూడో రోజు పొద్దున, నర్సు దుప్పటి మారుస్తుండగా, పోయింది.

ఆవిడ పోయిన ఐదు వారాలకి పరీక్ష ఫలితం వచ్చింది. పంపిన సరుకంతటిలో ఒక్క మాత్రకీ వంక లేదు. ఆస్పత్రి ఉత్తరం కూడా పంపింది, జరిగిన ఆలస్యానికి చింతిస్తూ. అప్పటికే బ్యాంకు వాయిదాలు తప్పాయి. ఒక పెద్ద కంపెనీ వచ్చి ఫ్యాక్టరీ కొంటామంది. షెడ్డు మూసేసి మిషన్లు తమ దగ్గరికి తరలించుకుంటారట. పనివాళ్ళలో నలుగురిని మాత్రం తీసుకుంటారట. తమ్ముడికి దూరపు ఊళ్ళో జీతం మీద సూపర్‌వైజరు ఉద్యోగం.

మిషన్ ఎత్తే రోజున మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. క్రేన్‌వాళ్ళు గొలుసులు బిగిస్తున్నారు. మాత్రలు చేసిన గదిలో, ఇన్నాళ్ళూ టోపీ, తొడుగు లేకుండా ఎవరినీ అడుగుపెట్టనివ్వని గదిలో, కూలీలు బురద బూట్లతో తిరుగుతున్నారు. తమ్ముడు గోడవారగా ఒక చెక్కపెట్టె మీద కూర్చుని చూస్తున్నాడు. మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

"క్షమించమనడానికి నోరు రావడం లేదురా," అన్నాడు.

"అడగకు అన్నయ్యా. నువ్వడిగితే నేను సరేననాలి. ఆ మాట నాకింకా రాలేదు."

గొలుసు బిగిసి మిషన్ నేల విడిచింది. కింద నాలుగు బోల్టుల గుంటలు మిగిలాయి.

"నాకు కోపం ఫ్యాక్టరీ పోయినందుకు కాదు," అన్నాడు తమ్ముడు. "పోతే పోయింది, పని నా చేతిలో ఉంది. వదిన అంతకాలం మందు వేసుకుంది. అందులో నేను చేసింది ఒక్కటీ లేదు. ఒక్కటంటే ఒక్కటి. తీరా ఆవిడ చెయ్యి పట్టుకుని నువ్వే నిలబెట్టావురా అంటుంటే, సిగ్గులేకుండా ఊఁ కొట్టాను చూడు..." లేచి, క్రేన్‌వాళ్ళకి ఏదో చెప్పడానికన్నట్టు అటు వెళ్ళిపోయాడు. మేస్త్రి ఆ చెక్కపెట్టె మీద అలాగే కూర్చున్నాడు. కాసేపటికి కూలీలు వచ్చి, పెట్టె కూడా తీసుకెళ్ళాలి, లేవమన్నారు.

అమ్మకంలో అతని వాటా బ్యాంకులో పడింది. దాన్ని అతను తనకోసం ముట్టలేదు. పని పోయిన పనివాళ్ళకి ఇద్దామనుకుని ఇద్దరి ఇళ్ళకి వెళ్ళాడు. ఒకతను తీసుకున్నాడు. ఇంకొకామె గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ రోజు వదినమ్మకి మా మాత్రే ఇచ్చుంటే సరిపోయేది గదండీ," అంది. మూడో ఇంటికి అతను వెళ్ళలేకపోయాడు.

తమ్ముడు వెళ్ళాక రెండు ఆదివారాలు ఫోను రాలేదు. మూడో ఆదివారం వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వస్తోంది. భోజనమైందా అని వాడడుగుతాడు. అయిందని ఇతనంటాడు. అక్కడ చలెలా ఉందని, ఇల్లు దొరికిందా అని ఇతనడుగుతాడు. ఇద్దరూ వదిన మాట ఎత్తరు. నాలుగు మాటలయ్యాక మరి ఉంటానంటాడు వాడు.

మొన్న ఆదివారం వాడి గొంతు బొంగురుపోయి ఉంది. మాటకోసారి దగ్గుతున్నాడు.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"నాలుగు రోజుల్నుంచి జ్వరం అన్నయ్యా. తగ్గుతోందిలే."

మందు వేసుకున్నావా అని అడగబోయాడు మేస్త్రి. ఎవరైనా అడిగే మాటే. నాలుక దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అవతల వాడు కూడా దగ్గడం ఆపి, ఏదో వినబోతున్నట్టు ఊరుకున్నాడు.

"కాస్త వేడినీళ్ళు తాగరా," అన్నాడు మేస్త్రి.

"తాగుతాలే," అన్నాడు తమ్ముడు.